రేవులో ఆగిన చవితి

తమ్ముడూ లింబాద్రీ,

ఎట్లున్నావురా? నువ్వు పోయి రెండేళ్ళు కావస్తోంది. నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. నువ్వున్నప్పుడు ఫోన్ ఉండేది, రాసే పని పడలేదు. ఇప్పుడు కలం ఎందుకు పట్టానంటే, పోయిన వారం ఒక మాట విన్నాను. అది ఇంట్లో ఎవరితోనూ అనలేను. దేవుని అర్రలో కూర్చుని చెప్పుకున్నా మనసు కుదుటపడలేదు. నీ మాట నీతోనే చెప్పుకోవాలి కదా...

ఇక్కడ అందరం బాగున్నాం. పసుపు ఉడకబెట్టే రోజులు. ఆర్మూర్ అంతా అదే వాసన. మీ బావ దుకాణం నుంచి వస్తే చొక్కా కాలర్ దాకా పసుపే. నీ భార్య లక్ష్మి బీడీలు చుట్టడం మానేసి కుట్టు మిషన్ పెట్టుకుంది. నీ కొడుకు సాయి డిగ్రీలో చేరాడు. నడక అచ్చం నీదే.

వంటపనికని గల్ఫ్ పోయినవాడివి, నీ యజమాని మాలిక్ తెరచాప పడవలో వంటవాడివయ్యావని తెలిసినప్పుడు ఇంటిల్లిపాదీ భయపడ్డారు. నాకు భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. బస్సులో పోతే సరిహద్దు కాడ గేటు ఉంటుంది. సముద్రం మీంచి పోతే దేశం ఎక్కడ మొదలవుతుంది? గేటు ఎవరు తీస్తారు? ఫోన్ చేసినప్పుడల్లా అదే అడిగేదాన్ని.

నువ్వు విసుక్కోకుండా చెప్పేవాడివి. "గేటు లేదక్కా. రేవుల లంగరేసి, పైన పసుపు జెండ కట్టాలె. మేమొచ్చినం, ఇంక మమ్ముల లోపటికి తీస్కోలేదు అని దాని మతలబు. గప్పటిసంది ఒక్కడు గూడ కాలు కింద వెట్టొద్దు. మాలికే మా కెప్టెన్. గాయిన ఒక్కడే కాగితాలు వట్టుకోని ఆఫీసుకు వోతడు."

ఒకసారి ఆ జెండా గాలికి చిరిగితే, తెల్ల తువ్వాలకు మన ఇంటి పసుపు పట్టించి దారిలోనే కట్టావట. ఎంత నవ్వించావు ఆ రోజు! "రేవు చేరేవరకు ఎండకు తెల్లగయ్యిందక్కా! పసుపు ఊరోన్ని, పసుపు రంగు ఎండకు నిలవదని నాకే యాదికి రాలే. యుద్ధంల ఓడిపోయి వచ్చిండ్రా అని ఆఫీసర్ మాలిక్‌ను అడిగిండు."

ముందు డాక్టరు వస్తాడట, రోగాలేమైనా ఉన్నాయా అని చూడటానికి. ఆ తర్వాత సామాను చూసేవాళ్ళు. ఆ తర్వాత పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టేవాళ్ళు. ఒకాయన నీ పసుపు డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడని చెప్పావు. "తుమ్ముకుంటనే ముద్ర గొట్టిండక్కా! గంత పవర్ మన పసుపుది."

రావడానికే ఇంత తతంగమైతే, పోయేటప్పుడైనా ఊరికే పోవచ్చా అన్నాను. "యాడికక్కా! పోయేటప్పుడు మల్ల గా ఆఫీసులన్ని తిరగాలె. ఈడికెల్లి మంచిగ వోయిండ్రు అని కాగితం ఇస్తరు. గది లేకుంటె ముందటి రేవోడు లోపటికి రానియ్యడు."

ఇంకో మాట కూడా అన్నావు. ఇప్పుడు అదే చెవిలో తిరుగుతోంది. "భూమి కనవడుతది, దిగరాదు. పెండ్లి పందిరి ముంగట నిలవడి వాసన జూసుకుంట ఉన్నట్టు ఉంటది. పసుపు జెండ ఎగిరినంతసేపు మేము ఏ దేశపోళ్ళం గాదక్కా."

పోయిన వారం బాల్కొండ గంగాధర్ వచ్చాడు. నీతోపాటు పడవలో తాళ్ళు లాగే పని చేసినవాడే. సెలవు మీద వచ్చి, ఖర్జూరాలు తెచ్చిచ్చాడు. నాకు ఆగుతుందా? నువ్వు చేరిన ఆఖరి రేవు ఎట్లుంటుంది, లంగరు ఎక్కడ వేశారు, ఆఫీసు ఎంత దూరం అని అన్నీ అడుగుతూ కూర్చున్నాను. మీరు చేరింది సాయంత్రం అన్నాడు. వాళ్ళకది సెలవు రోజు, పొద్దున దాకా ఏ ఆఫీసరూ రాడు అన్నాడు.

నువ్వు నేర్పిన చదువే కదా... చప్పున తట్టింది. మనకు వచ్చిన ఫోన్‌లో, రేవు చేరిన రాత్రే తెల్లవారుజామున నువ్వు దవాఖానలో పోయావన్నారు. ముద్ర పడందే కాలు కింద పెట్టొద్దు కదా, మరి మా తమ్ముడు దవాఖానకు ఎట్లా పోయిండు అని అడిగాను.

గంగాధర్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "అక్కా, గీ మాట వదినెకు జెప్పకుండ్రి. అన్న దవాఖానకు వోలే. పడవలనే వోయిండు. దీపాలు వెట్టే యాల్లకు, చాయ్ గిలాస చేతుల వట్టుకోని కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. మేము లేవట్టేవరకే పానం లేదు. మాలిక్ వైర్‌లెస్‌ల జెప్పిండు. పొద్దుగాల డాక్టరు, ఆఫీసరు కలిసే వస్తరు, గప్పటిదాక ఎవలు దిగొద్దు అన్నరు."

మరి రాత్రంతా? "నేను ఇడిసిపెడ్తనా అక్కా? స్టీల్ గిన్నెల నూనె వోసి అన్న తలకాడ దీపం వెట్టిన. తెల్లారేదాక ఆరనియ్యలే. మాలిక్ గూడ కన్ను మూయలే."

పొద్దున వాళ్ళు వచ్చి, చూసి, ఆ రోజు తారీకే కాగితంలో రాశారట. తర్వాత నిన్ను దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి నుంచి మనకు ఫోన్. చావు వార్తను కొంచెం మెత్తగా చెప్పాలని పడవవాళ్ళ ఆలోచన. వాళ్ళను తప్పుపట్టను.

పసుపు జెండా ఎప్పుడు దించారని అడిగాను. ముద్రలు పడ్డాకే అన్నాడు. నీ పాస్‌పోర్టు మీద కూడా ముద్ర వేశారా అంటే అతనికి తెలియదు. వేశారా తమ్ముడూ? పోయినవాణ్ణి దేశంలోకి వచ్చినట్టు రాసుకుంటారా? నువ్వు ఏ దేశంలో పోయినట్టు?

గంగాధర్ వెళ్ళిపోయాక అసలు సంగతి గుర్తొచ్చింది. ఆ కాగితం తారీకు చూసే కదా మనం నీ తిథి కట్టింది. పంచమి అనుకుని పోయినేడు పంచమి నాడే నీ సంవత్సరీకం పెట్టాం. వచ్చే వారం మళ్ళీ అదే రోజు పెడుతున్నారు. కానీ నువ్వు పోయిన సాయంత్రం చవితి!

మా వాడకట్టులో ఒకామె సంగతి అన్నట్టుగా అయ్యగారిని అడిగాను. ఆయన నవ్వారు. "పానం వోయిన యాల్లకు ఏ తిథి ఉంటె గదే అమ్మా. కాగితం ఎన్నడు రాసిండ్రో మనకెందుకు?"

మరి మేం పెట్టింది నీకు ముట్టిందా? ఎంతసేపూ ఇదే ఆలోచన. మనవాళ్ళు ఇక్కడ పెట్టే పిండం, ఇక్కడి నుంచి మంచిగా బయలుదేరాడని ఇచ్చే కాగితం లాంటిదేనా? మా తప్పు వల్ల నువ్వు అక్కడ కూడా జెండా కట్టుకుని నిలబడ్డావా? అంత దయగల స్వామి అట్లా ఆపుతాడా... ఆపడనే అనుకుంటాను. అయినా అడగకుండా ఉండలేను.

లక్ష్మికి చెబుదామని ఒకరోజు వాళ్ళింటి దాకా వెళ్ళాను. ఆమె పక్కింటావిడతో మాట్లాడుతోంది. "మా ఆయన ఒంటరిగ వోలే. సుట్టూత డాక్టర్లు ఉండిరి, మంచిగ జూసిండ్రు" అంటోంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఎంత ధైర్యమో... ఆ మాట పట్టుకునే రెండేళ్ళు నెట్టుకొచ్చింది. బ్లౌజు కొలత ఇచ్చి వచ్చేశాను. అయ్యగారు లెక్క తప్పారని చెప్పి తిథి మార్పించవచ్చు. కానీ ఆయన మీద అబద్ధం వేయడానికి నాకు నోరు రాదు.

అందుకని ఇట్లా చేస్తున్నాను, సరేనా? చవితి నాడు నేను ఒంటిపొద్దు ఉంటాను. మక్క గారెలు, పచ్చి పులుసు చేసి, నీ పేరు మీద విస్తరి వేసి మా డాబా మీద పెడతాను. సాయిని ఆ పూట మా ఇంటికే తినడానికి పిలుస్తాను. ఎందుకని అడిగితే మేనత్తకు మనసైందంటాను, అది నిజమే కదా. మర్నాడు పంచమికి వాళ్ళు పెట్టేది పెడతారు, నేనూ పోతాను. నా ఊపిరి ఉన్నన్నాళ్ళు నీకు రెండు పూటల భోజనం. ఏది ముడుతుందో మాత్రం నాకు ఎట్లా తెలుస్తుంది? కలలోనైనా వచ్చి చెబుతావా?

ఈ కాగితాలు నీ ఫోటో వెనుక పెడుతున్నాను. నీ దగ్గరే ఉంచుకో, ఎవరికీ చూపకు. లక్ష్మి నిండు నూరేళ్ళు బతికి నీ దగ్గరికి వచ్చినప్పుడు కూడా వీటిని చూపకు. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రాత్రి ఒంటరిగా లేనని నీ నోటితోనే చెప్పు.

నీ అక్క
రాధ