నలభై గ్రాముల దాకా కదలని స్ప్రింగు

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, కాటాల షాపూ క్షేమం. అక్కడ నువ్వూ క్షేమంగానే ఉండుంటావు. నిద్ర చెడగొట్టే పనులేవీ నువ్వు ఈమధ్య పెట్టుకుంటున్నట్టు లేదు కదా. కోపంగా ఉన్నానని అప్పుడే తెలిసిపోయిందా? మంచిది, దాచుకునే శ్రమ తప్పింది.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు వేశావు. మొదటిది నా మోకాలు. బాగానే ఉంది. మెట్లెక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. మీ నాన్న రెండు వేళలా ఊరుకుంటారు, పక్క గదిలో పుస్తకాలకి అట్టలు కుట్టుకుంటూ.

రెండోది ప్రశ్న కాదు, ముడుచుకున్న ఆజ్ఞ. "కరపత్రాలు రాయడం కొన్నాళ్ళు ఆపమ్మా, ఒకటి మా ప్రిన్సిపాల్ కంటపడింది, నువ్వు మా అమ్మవని ఆయనకింకా తెలియదు, నా ఉద్యోగం పర్మినెంటు అయ్యేదాకా ఓపిక పట్టు" అన్నావు. ఆపను. కిలోకి యాభై గ్రాములు నొక్కేసే కాటాల గురించి నేను రాశాను. ఆ కొట్లవాళ్ళే చదివి, నవ్వుకుని, పొట్లాలు కట్టుకోవడానికి వాడుకున్నారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నువ్వు పర్మినెంటు అయ్యేదాకా నేను నోరు మూసుకోవాలంటే, అయ్యాక ప్రమోషన్ దాకా మూసుకోవాలి, ఆ తర్వాత రిటైరయ్యేదాకా. అప్పటికి నోరు ఎలాగూ పనిచేయదు. ప్రపంచంలో ఏ అన్యాయమైనా ఇలాగే బతుకుతుంది, పెద్ద దుర్మార్గుల వల్ల కాదు, "కొన్నాళ్ళు ఓపిక పట్టు" అనే మంచి పిల్లల వల్ల.

మూడో ప్రశ్నని సంతకం పెట్టాక, ఏదో గుర్తొచ్చినట్టు అడుగున ఇరికించావు: "మా కాలేజీ నుంచి ఎవరైనా షాపుకొచ్చారా?"

వచ్చింది. శనివారం మధ్యాహ్నం, రెండు బస్సులు మారి, భుజాన సంచి వేసుకుని ఒక పిల్ల వచ్చింది. పదిహేడేళ్ళుంటాయి. వాళ్ళమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తుందట. నేను కూరగాయల కాటా ఒకటి విప్పి ముల్లు సరిచేస్తున్నాను.

"ఇక్కడ స్ప్రింగులు కొలుస్తారా ఆంటీ?"

"కొలుస్తాం. ఏదీ?"

"స్ప్రింగు ల్యాబులో ఉండిపోయింది. రీడింగులు తెచ్చాను."

"ఉత్త రీడింగులు తెస్తే ఏం చేసుకుంటాం తల్లీ, వండుకుంటామా?"

"మా కాలేజీలో అదే చేస్తారు" అంది, ముఖంలో నవ్వు లేకుండా.

అప్పుడే నాకు ఆ పిల్ల నచ్చేసింది. స్టూలు లాగి కూర్చోబెట్టాను. కాలేజీ పేరు చెప్పింది, నీదే. మీ ల్యాబు సారెవరే అనడిగితే, "అసలు పేరు వద్దులెండి, మేమంతా స్థిరాంకం సారు అంటాం. ఏం అడిగినా ఒకటే జవాబు: గైడులో అలాగే ఉంది, రాసుకో" అంది. నేను పగలబడి నవ్వాను. నవ్వాక గుర్తొచ్చింది, నవ్వింది నేను కన్నవాణ్ణి చూసి అని.

ఇక నువ్వు చేసిన ఘనకార్యం ఆ పిల్ల నోట విన్నది విన్నట్టు రాస్తాను. తప్పుంటే దిద్దు. ప్రాక్టికల్ పరీక్షలో పన్నెండేసి మందిని పిలిచి ఒక్కొక్కరికీ ఒక స్ప్రింగు ఇచ్చి దాని స్థిరాంకం కనుక్కోమన్నావు. అంటే, దాన్ని ఒక మీటరు సాగదీయడానికి ఎన్ని న్యూటన్ల బలం కావాలో. స్ప్రింగుకి ఒక అట్టముక్క చీటీ కట్టి ఉంది, దాని మీద ఇరవై ఐదు అని. ఆ పిల్ల కొక్కేనికి వంద గ్రాములు తగిలిస్తే మూడు సెంటీమీటర్లు సాగింది. రెండు వందలకి ఎనిమిది. మూడు వందలకి పదమూడు, నాలుగు వందలకి పద్దెనిమిది, అయిదు వందలకి ఇరవై మూడు. వంద గ్రాములంటే ఒక న్యూటన్ అనుకుని, గైడులో చెప్పినట్టు బలాన్ని సాగుదలతో భాగించింది. మొదటిసారి ముప్పై మూడు, తర్వాత ఇరవై ఐదు, ఆపైన ఇరవై మూడు, ఇరవై రెండు, ఇంకా కిందికి. అయిదుసార్లకీ అయిదు జవాబులు.

మిగతా క్లాసుకీ ఇలాగే వచ్చింది. కానీ వాళ్ళు తెలివైనవాళ్ళు. చీటీ చూసి వెనక నుంచి లెక్క కట్టి నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు, ఇరవై అని వండి వార్చారు. నలభై మందివీ ఒకే రీడింగులు, ఒకే కుండలో ఉడికిన మెతుకుల్లా. వాళ్ళకి నిండు మార్కులు వేశావు. ఈ పిల్లకి సున్నా.

నువ్వన్న మాటలు కూడా చెప్పింది. "స్థిరాంకం అంటేనే మారనిది. నీకు అయిదు రకాలుగా వచ్చిందంటే నువ్వు కొలవనే లేదు. ఎవరిదో సగం సగం చూసి రాశావు."

"చూసి రాస్తే అందరిలాగా ఇరవై ఐదే వచ్చేది కదా సార్?"

"నోరు మూసుకుని బయటికి నడు."

ఆ రెండో మాటకి జవాబు లేకే కదా మూడో మాట వచ్చింది నీకు? ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నారట. నలభై మంది దూడని కట్టేశారు. ఎద్దు ఎలా ఈనుతుంది సార్ అని అడిగిన ఒక్కదాన్నీ నువ్వు బయటికి గెంటావు. చిన్నప్పుడు ఎందుకు, ఎందుకు అని నా ప్రాణం తోడేసినవాడివి. ఒక్కసారైనా నోరు మూసుకోమన్నానా? కాటా విప్పి నీ ముందు పెట్టాను. మరి ఈ విద్య ఎక్కడ నేర్చావు?

ఆ సున్నా ఉంటే ఆ పిల్ల ఫెయిలు. ఫెయిలైతే పరికరాల తయారీ కోర్సులో సీటు పోతుంది. మార్కుల జాబితా శుక్రవారం పైకి వెళ్ళిపోతుందట. ఇవాళ సోమవారం.

ఇంకో సంగతి విను. ఆ పిల్ల ఏడుపు మొహంతో రాలేదు, గ్రాఫు కాగితంతో వచ్చింది. బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించింది.

"చూడండాంటీ, వంద గ్రాములు పెంచిన ప్రతిసారీ సరిగ్గా అయిదు సెంటీమీటర్లే పెరుగుతోంది. ఇది మారట్లేదు కదా? ఒక న్యూటన్‌కి అయిదు సెంటీమీటర్లంటే మీటరుకి ఇరవై న్యూటన్లు. స్థిరాంకం ఇరవై. కానీ గీతని వెనక్కి పొడిగిస్తే సున్నా దగ్గరికి పోవట్లేదు, నలభై గ్రాముల దగ్గర తగులుతోంది. సరేనని ఇరవై గ్రాములు పెట్టి చూశాను, కదల్లేదు. నలభై పెట్టాను, కదల్లేదు. యాభై పెడితే అర సెంటీమీటరు దిగింది. ఎందుకంటారు?"

పదో తరగతితో చదువు ఆపేసిన నేను ఆ ఎందుకుకి జవాబు చెప్పగలను. ఎమ్మెస్సీ చదివిన నువ్వు చెప్పలేదు. కొన్ని స్ప్రింగుల్ని చుట్లు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకునేలా బిగించి చుడతారు. ఆ పట్టు విడిపించడానికే మొదటి నలభై గ్రాములు సరిపోతాయి, సాగడం ఆ తర్వాత. కాబట్టి మొత్తం బరువుని మొత్తం సాగుదలతో భాగిస్తే ప్రతిసారీ వేరే అంకె వస్తుంది. పెరిగిన బరువుని పెరిగిన సాగుదలతో భాగించు, ఎప్పుడూ ఒకటే. స్థిరాంకం మారలేదురా, నువ్వు భాగించమన్న పద్ధతి తప్పు. గీత సున్నా గుండా పోకపోతే గీత గీసినవాళ్ళని కొట్టడం కాదు, ఎందుకు పోలేదో వంగి చూడాలి. మీ చదువులన్నీ ఇంతే: జవాబు పై నుంచి వస్తుంది, దానికి సరిపడా లోకాన్ని కింద నుంచి నరుక్కుంటూ పోతారు. ఆ జవాబుని ప్రశ్నించినవాళ్ళకి క్రమశిక్షణ లేదంటారు. ఒక కాలేజీ ల్యాబులో నలభై మంది అబద్ధానికి నిండు మార్కుల జాబితా తయారైతే, అదే పిల్లలు రేపు ఆఫీసుల్లో కూర్చుని

ఇక్కడ ఆగాల్సి వచ్చింది. మీ నాన్న సూదీదారం పట్టుకుని వచ్చి వెనక నిలబడి ఇంతవరకూ చదివారు. ఎప్పుడూ ఊరుకునే మనిషి.

"బాగా దులిపావు. ఆ చీటీ ఎవరు రాశారో రాశావా?"

"రాస్తాను. చివర్లో."

"చివర్లో అంటే ఇంకెంత దూరమే? మూడు కాగితాలయ్యాయి. వాణ్ణి మూడు కాగితాలు తిట్టి, నీ సంగతి మూడు ముక్కల్లో తేల్చేద్దామనా?"

"మీకెందుకండీ, వెళ్ళి కుట్టుకోండి."

"గురివింద గింజ" అని మాత్రం అని వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నన్నన్న అతి పెద్ద తిట్టు ఇదే.

చీటీ నేను రాశాను. అది నీకు తెలుసు. రెండేళ్ళ కిందట "ల్యాబుకి డజను స్ప్రింగులు కావాలమ్మా, స్థిరాంకం రాసి పంపు" అని నువ్వే అడిగావు. వేలాడే కాటాల కోసం ఉంచిన స్ప్రింగులు తీశాను. మా పనిలో స్ప్రింగుకి ముందు పళ్ళెం తగిలిస్తాం, ఆ తర్వాతే ముల్లుని సున్నాకి తెస్తాం. పళ్ళెం బరువే ఆ పట్టుని తినేస్తుంది. పాతికేళ్ళుగా ఈ స్ప్రింగులతో బతుకుతున్నా, ఉత్త కొక్కేనికి తగిలిస్తే మొదట కదలవన్న సంగతి నా కళ్ళ ముందుకి రానేలేదు. ఆ రోజు ఒక్క స్ప్రింగు తీసి, ఒక్కసారి రెండు వందల గ్రాముల రాయి తగిలించాను. ఎనిమిది సెంటీమీటర్లు దిగింది. భాగిస్తే ఇరవై ఐదు. పన్నెండు చీటీల మీదా అదే రాసి, వెనక షాపు ముద్ర కొట్టి పంపేశాను. ఎంత చిన్న కాటానైనా రెండు బరువులతో చూడందే బయటికి పంపనిదాన్ని. ఆ సాయంత్రం మార్కెట్లో సభ ఉంది, తొందరలో ఉన్నాను. నేను మాట్లాడాల్సిన విషయం తప్పుడు తూకాలు.

ఇది తప్పు. అసలు సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. ఆ పిల్ల చీటీ తిప్పి, ముద్ర చదివి, ఆ అడ్రసు పట్టుకునే నా దగ్గరికొచ్చింది. గ్రాఫు చూపించాక నెమ్మదిగా అడిగింది, "ఆంటీ, ఆ చీటీ రాసింది మీరేనా?"

నేను కాదన్నాను.

"అప్పట్లో ఒక పనివాడు ఉండేవాడులే. వాడి నిర్వాకం" అన్నాను. షాపులో ఏనాడూ పనివాడు లేడు. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో. చెయ్యి మాత్రం కాటా ముల్లుని తిప్పుతూనే ఉంది. ఆ పిల్ల నమ్మింది. ఒక నిమిషం పెన్సిలుతో ఏదో లెక్క వేసుకుని, "అయితే ఆయన ఒక్కసారే కొలిచుంటాడు, రెండు వందల గ్రాములతో. అలాగైతేనే ఇరవై ఐదు వస్తుంది. పాపం, తొందరలో ఉన్నాడేమో" అంది.

లేని మనిషి మీద కూడా జాలిపడింది. నువ్వు ఎదురుగా ఉన్న మనిషి మీద పడలేదు, నేనూ పడలేదు. "చూసి కబురు చేస్తాను, అడ్రసు రాసి వెళ్ళు" అని పంపేశాను. తప్పు చేసినవాళ్ళు పనివాడి మీదికి నెట్టేస్తారని ఎన్ని కరపత్రాల్లో రాశానో లెక్కలేదు. నేను పనివాణ్ణి పుట్టించి మరీ నెట్టాను.

ఇప్పుడు నీ మూడో ప్రశ్నకి వస్తాను. ఎవరైనా వచ్చారా అని ఎందుకడిగావు? ఆ పిల్ల చీటీ తిప్పి చూడటం నువ్వు చూశావు కనక. ఆ గ్రాఫు చూడగానే తప్పు ఎవరిదో నీకు తెలిసింది కనక. నా కొడుకు మొద్దు కాదు, అది నాకు తెలుసు. మొద్దువి అయ్యుంటే ఈ ఉత్తరం ఒక కాగితంతో అయిపోయేది. అమ్మ రాసిన అంకె తప్పని నలుగురిలో తేలకూడదనుకున్నావు. నాకోసమా, నీ పర్మినెంటు కోసమా, నీకే తెలియాలి. నాకోసమే అయితే, నన్ను నిలబెట్టడానికి ఇస్త్రీ చేసే మనిషి కూతురి నెత్తిన సున్నా పెట్టమని నేనెప్పుడు అడిగాను? తల్లి మీద ప్రేమంటే అదైతే నాకొద్దు, వెనక్కి తీసుకో.

నిన్న మిగిలిన స్ప్రింగులన్నీ ఉత్త కొక్కేనికి తగిలించి చూశాను. అన్నీ నలభైకి అటూ ఇటూగా పట్టుకునే ఉన్నాయి. ఇవాళ పొద్దున ఆ పిల్లకి కార్డు రాసి పోస్టు డబ్బాలో వేశాను: "పనివాడెవరూ లేరు. చీటీ రాసింది నేనే. గురువారం పది గంటలకి మీ ల్యాబు దగ్గరుంటాను, గ్రాఫు తీసుకురా." ముందు ఆ కార్డు వేసి, తర్వాతే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మనసు మార్చుకునే వీలు నాకు ఉండకూడదని.

గురువారం మీ ప్రిన్సిపాల్‌కి సంతకం చేసిన కాగితం ఇస్తాను. మీరు కొన్న పన్నెండు స్ప్రింగులకీ చీటీలు తప్పు, తప్పు మా షాపుది అని. ఆయన ఒప్పుకుంటే సరే, ఒప్పుకోకపోతే తూకం రాళ్ళు తెస్తున్నాను, నలభై మంది ముందూ తగిలిస్తాను. ఇది నా వంతు. నీ వంతు శుక్రవారం లోపల ఆ సున్నా కొట్టేయడం, మిగతా నలభై మందినీ మళ్ళీ కొలవమనడం. ఇది వినడానికి బాగున్నా, నువ్వు ఉద్యోగం పణంగా పెట్టి చేయాల్సిన పని. పోవచ్చు కూడా. పోతే ఇంటికి రా, ఇక్కడ కాటాలకి కొదవలేదు. అంతకుమించి ధైర్యం చెప్పను.

ఒక్క మాట మిగిలింది. నేను నీ తల్లినని ఆ పిల్లకి తెలియదు. ప్రిన్సిపాల్‌కీ తెలియదు. వాళ్ళ లెక్కలో నేను ఏదో ఊళ్ళో కాటాలు బాగుచేసే మనిషిని. నేను వచ్చి నా తప్పు చెప్పి, వచ్చిన దారినే పోతే, నువ్వు ఎవరో చేసిన మోసానికి బలైపోయిన మంచి లెక్చరరువి. అందరూ నీ మీద జాలిపడతారు కూడా. నీ తల్లినన్న సంగతి నా నోటితో నేను చెప్పను. ల్యాబులో, ఆ పిల్ల వింటుండగా, నన్ను అమ్మా అని పిలుస్తావో, ఏమండీ అంటావో, అది నీ ఇష్టం.

ఇట్లు,
గురువారం మొదటి బస్సుకి బయల్దేరే
మీ అమ్మ