నిలబెట్టి తీసిన ఫిలిం

జూన్ 4
కొండ దారి మలుపులో దాము బండి జారింది. కుడి పక్క కాలర్ బోన్ విరిగింది. నా కొడుకు మొండితనానికి నేలే పగులుతుందనుకునేదాన్ని. ఈసారి నేలే గెలిచింది.

జూన్ 5
డాక్టరు కంటే ముందు పుత్తూరు కట్టు. మా వీధిలో ఎవరి ఎముక విరిగినా అంతే. తర్వాత ఎక్స్‌రేకి వెళితే కట్టు విప్పనివ్వడే... "ఇప్పితే ఎముక జరిగిపోతాది మా." పడుకోబెట్టి, కట్టు మీదే తీశారు. ఫిలింలో ఎముక బుద్ధిగా ఉంది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. వాడి మొహం వెలిగింది. నాది వెలగలేదు.

జూన్ 13
మగ్గం ఎక్కి, నాడెను అటూ ఇటూ పరిగెత్తించే తాడు లాగబోయాడు. కేక. చీర సగంలోనే ఉంది.
మనవరాలు హేమ — "అవ్వా, నాయిన చొక్కా ఒక పక్క యేలాడతా ఉండాది."
చొక్కా కాదే, భుజం.

జూన్ 14
తిరువళ్ళూరు ఎముకల ఆసుపత్రికి. రైల్లో తోపులాట, వాడి పక్కన గోడలా నిలబడ్డాను. ఇక్కడి డాక్టరు పాత ఫిలిం చూసి అడిగిన మొదటి మాట, పడుకోబెట్టి తీశారా అని. పడుకుంటే చేతి బరువు ఎముక మీద పడదట. పైగా కట్టు లాగి పట్టుకుందట. కట్టు విప్పించి, నిలబెట్టి, రెండు భుజాలూ ఒకే ఫిలింలో తీయించాడు. విరిగిన ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. ఎడమదాని కన్నా కుడిది కురచ. ఇలాగే అతుక్కుంటే చేతిలో బలం తగ్గొచ్చు — ప్లేటు వేయాల్సి రావచ్చు. అయితే మిషను కాస్త వాలినా కొలత మారుతుందట, ఇంకొకటి తీసి తేలుస్తానన్నాడు.
"టెన్షన్ ఆగాదీంగ పాట్టి." కంగారు పడొద్దు అవ్వా అని, అరవంలో.
నాకెందుకు టెన్షన్? ఎముక వాడిది, మగ్గం వాడిది. కడుపు మాత్రం నాది.

జూన్ 15
దాము అన్నం ముట్టలేదు. "కోసినారంటే చెయ్యి పోయినట్టే మా."
"కొయ్యకుంటే యాడికీ పోదా?"
మగ్గం మీద దుప్పటి కప్పాను. శవానికి కప్పినట్టుంది. తీసేశాను.

జూన్ 17
మళ్ళీ తిరువళ్ళూరు. ఎక్స్‌రే గది తలుపు మూసుకునే లోపల చూశాను — ఎడమ చేత్తో కుడి మోచేతిని కిందనుంచి ఎత్తి పట్టుకుంటున్నాడు. బయటికి వచ్చేసరికి నుదుటి నిండా చెమట.
డాక్టరు ఫిలిం వెలుగులో పెట్టాడు. ముక్కలు దగ్గరికి వచ్చాయే, ఆపరేషన్ ఆపి చూద్దామా అన్నాడు. పడ్డాక మొదటిసారి దాము నవ్వాడు.
ఆ నవ్వు ఇంకాసేపు ఉండనిచ్చి ఉండొచ్చు.
"మోచెయ్యి ఎత్తి పట్టుకున్నాడయ్యా వీడు" అన్నాను.
"మా!" — అంతే.
బరువు ఎముక మీద పడేలా చేతులు రెండూ కిందికి వదిలేయాలని చెప్పి డాక్టరు మళ్ళీ పంపించాడు. పోతూ దాము నా వైపు చూడలేదు.
బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. తలుపు ఇంకా తెరవలేదు.