రెండు వేళ్ళ బేరం

హైదరాబాదు,
1986 మే 9.

పూజ్యులైన బుచ్చయ్య మామయ్యగారికి మేనల్లుడు తిరుపతిరావు నమస్కరించి రాసేది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గాని, కుశలమంతా మీ వైపే ఉంది. ఇంటర్వ్యూ అయిపోయింది. దాంతోపాటు నా పని కూడా అయిపోయినట్టే.

లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న లక్ష్మీనరసింహారావుగారు పెద్దాఫీసరు. నా కాగితాలు చూసి, "నూజివీడా? అయితే మామిడికి శాస్త్రీయ నామం ఏంటో చెప్పు," అన్నారు. నాకు తెలిసిన మామిడి పేర్లన్నీ మనసులో తిరగేశాను. చివరికి "చిన్న రసం సార్," అన్నాను. పక్కనున్నాయన "పెద్ద రసం కాదా?" అని అడిగాడు. "అది వేరే చెట్టండీ," అన్నాను. ముగ్గురూ నవ్వారు. నవ్వకపోతే బాగుండదేమోనని నేనూ నవ్వాను. అప్పుడు వాళ్ళు ఆపేశారు.

లేచి వస్తుంటే పెద్దాఫీసరుగారు చెయ్యి చాపారు. చెయ్యంటే పూర్తి చెయ్యి కాదు, రెండంటే రెండే వేళ్ళు. నేను పట్టుకున్నానో లేదో, మొహం చిట్లించి వెనక్కి లాక్కున్నారు. ఉద్యోగం ఇచ్చేవాడెవడైనా రెండు వేళ్ళిస్తాడా మామయ్యా? రాత్రంతా ఆ రెండు వేళ్ళే కళ్ళముందు కనిపించాయి.

వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది. గవర్నమెంటు ఉద్యోగానికి ఇదే ఆఖరి అవకాశం. అమ్మకు ఈ సంగతి మీరే నెమ్మదిగా చెప్పండి. నాకు భయంగా ఉంది. రిజల్టు వచ్చేదాకా ఊరికి రాను.

ఇట్లు,
మీ తిరుపతిరావు.

తా.క. ఇంటర్వ్యూకు కట్టుకున్న టై నా రూమ్మేటుది. ముడి విప్పడం ఇద్దరికీ రాదు. దాంతోనే పడుకుంటున్నాను.


నూజివీడు,
మే 13.

చిరంజీవి తిరుపతికి మామయ్య దీవించి, సుభద్ర చేత రాయించేది.

నీ ఉత్తరం మా అమ్మాయి చదువుతుంటే విని కొట్లోనే కేకేశాను. ఒరేయ్ పిచ్చి సన్నాసీ, నా కొట్లో పెరిగి నువ్వు నేర్చుకున్నది ఇదా? మన మార్కెట్లో కాయ ధర ఎవడైనా నోటితో చెబుతాడా? తువ్వాలు కింద చేతిలో చెయ్యి పెట్టి, ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు.

ఆ పెద్దమనిషి మిగతా ఇద్దరి ముందు నోరు తెరిచి అడగలేక, నీకు రెండు వేళ్ళు ఇచ్చాడు. అది అవమానం కాదురా, ధర. మొహం చిట్లించడం ఏ బేరంలోనైనా ఉండేదే, అది లేకపోతే నేను అసలు నమ్మను. నూజివీడు కుర్రాడివని చూసి రెండు బుట్టల పళ్ళతో సరిపెట్టాడు. ఈ రోజుల్లో అంత మర్యాదస్తుడు దొరుకుతాడా?

రెండు బుట్టల చిన్న రసాలు ఈ పూట లారీలో నేరుగా వాళ్ళ ఆఫీసుకే వేయిస్తున్నాను. ఎవరు పంపారో తెలియక వాళ్ళు తికమకపడకూడదు గదా, మూతల మీద నీ పేరూ, ఇంటర్వ్యూ నంబరూ నీలిరంగుతో పెద్దపెద్ద అక్షరాల్లో రాయించాను. దూరం నుంచి కూడా కనిపిస్తుంది.

నువ్వు గుండె మీద చెయ్యి వేసుకుని పడుకో.

ఇట్లు,
మామయ్య.

తా.క. ఇది నాన్న చెప్పింది కాదు, రాస్తున్న నేను కలుపుతున్నది. బావా, బుట్టల్లో పై వరస పళ్ళు బాగానే ఉన్నాయి. కింది వరసలు నాన్న తన అలవాటు ప్రకారమే సర్దించాడు. – సుభద్ర.


హైదరాబాదు,
మే 16.

మామయ్యగారికి సగం ప్రాణంతో రాస్తున్న ఉత్తరం.

ఎంత పని చేశారండీ! నాకొచ్చిన ఇంటర్వ్యూ కాగితంలో అడుగున స్పష్టంగా రాసి ఉంది. ఏ విధంగానైనా సిఫారసుకు ప్రయత్నించినవాళ్ళు అనర్హులు అని. వీటిని సిఫారసు కూడా అనరు, లంచం అంటారు. దానికి కేసులుంటాయి. జైలుంటుంది. నా పేరు నీలిరంగుతో రాసి మరీ పంపారు!

వీధిలో జీపు చప్పుడైతే మంచం కిందికి దూరుతున్నాను. నిన్న ఒక జీపు నిజంగానే మా ఇంటి ముందు ఆగింది. కింది వాటాలో అమ్మాయికి పెళ్ళిచూపులట. వాళ్ళు కాఫీలు తాగి వెళ్ళేదాకా నేను మంచం కిందే ఉన్నాను. అన్నం సహించడం లేదు. హోటలువాడు టిక్కెట్టు చించుతుంటే కూడా అరెస్టు వారంటేమోనని లేచి నిలబడుతున్నాను.

ఆయన బేరమాడలేదు, నేనూ ఆడలేదు. ఆయన రెండు వేళ్ళిస్తే, వెనక్కి లాక్కునేలోగా నేను మర్యాదగా అయిదు వేళ్ళతో పట్టుకుని ఒక్క ఊపు ఊపాను, అంతే. దేవుడి మీద ఒట్టు. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ బుట్టల్ని వెనక్కి పిలిపించండి.

ఇట్లు,
తిరుపతిరావు.

తా.క. ముడి కత్తిరిద్దామని రూమ్మేటు కత్తెర తెచ్చాడు. వద్దన్నాను. మెడలో టై ఉంటే పోలీసులు కాస్త మర్యాదగా చూస్తారేమో.


నూజివీడు,
మే 20.

చిరంజీవి తిరుపతికి మామయ్య దీవెనలు.

అయిదా? ఈ ముక్క ముందు ఎందుకు రాయలేదురా! ఆయన రెండడిగితే నువ్వు అయిదు పట్టుకుని, పైగా ఊపి వచ్చావా? ఊపడమంటే బేరం ఖాయమన్నట్టే. ఏ అమ్మేవాడైనా వంద అడిగితే నూటయాభై ఇస్తానన్న కొనేవాణ్ణి చూశాడా? పాపం, ఆయన ఆనందంతోనే మొహం అలా పెట్టి ఉంటాడు.

సరే, చేసిన బేరం చేసినట్టే. మన ఇంటికి మాట తప్పారన్న పేరు రాకూడదు. మిగిలిన మూడు బుట్టలూ నిన్న పంపించాను. మూతల మీద నీ పేరు కింద "మొత్తం అయిదు, మాట దక్కింది" అని రాయించాను. లోపల ఒక చీటీ కూడా పెట్టాను. "మావాడు బేరానికి కొత్త గాని ఉద్యోగానికి పనికొస్తాడు."

లంచమని భయపడుతున్నావు. దొంగచాటుగా ఇస్తే గదా లంచం! అందుకే లారీ క్లీనరుకు గట్టిగా చెప్పాను, ఆఫీసంతా నిండుగా ఉన్నప్పుడు, పదిమందీ చూస్తుండగా, నీ పేరు కేకేసి మరీ ఇమ్మని. పదిమందిలో ఇస్తే దాన్ని మర్యాద అంటారు.

ఇట్లు,
మామయ్య.

తా.క. బావా, నువ్వు మంచం కింద దూరిన సంగతి అత్తయ్యకు చెప్పలేదు. కానీ నాన్న వరస నాకు అర్థం కావడం లేదు. సిఫారసు చేస్తే అనర్హులన్న వాక్యాన్ని నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంటున్నాడు. భయపడుతున్నాడనుకున్నాను. చూస్తే నవ్వుతున్నాడు. ఎండదెబ్బేమో. – సుభద్ర.


హైదరాబాదు,
మే 25.

మామయ్యగారికి నమస్కారాలు.

అయిపోయింది. నిన్న ఆఫీసు బంట్రోతు మా గదికే వచ్చి, రమ్మంటున్నారని చీటీ ఇచ్చాడు. మెట్లు సగం ఎక్కి రెండుసార్లు వెనక్కి దిగాను. వరండాలోనే రసాల వాసన కొట్టింది. లోపల గోడవారగా అయిదు బుట్టలూ వరసగా ఉన్నాయి. అయిదింటి మీదా నా పేరు.

ఆఫీసరుగారు ఏమీ అడగకముందే అన్నీ ఒప్పేసుకున్నాను. అడగాల్సిన అవసరం లేనివి కూడా ఒప్పుకున్నాను, చిన్నప్పుడు మీ గల్లాపెట్టెలోంచి పావలా తీసిన సంగతితో సహా. ఆయన మంచినీళ్ళు ఇప్పించి, "అయిదే ఎందుకయ్యా?" అన్నారు. తువ్వాలు సంగతి వివరించాను. ఆయన తన చెయ్యి బల్ల మీద పెట్టారు. బొటనవేలికి కట్టుంది.

"గోరుచుట్టు," అన్నారు. "అందుకే రెండు వేళ్ళిచ్చాను. నువ్వు ఊపిన ఊపుకి ఆ రాత్రి నాకు నిద్ర లేదు."

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారు. గోరుచుట్టు ఆయనకీ, రోకలిపోటు నాకూ వచ్చాయి.

తరవాత ఫైలు తెరిచి చూపించారు. "నిన్ను అనర్హుణ్ణి చేద్దామనే ఈ ఫైలు తెప్పించాను. చూడు, ఇంటర్వ్యూ రోజునే నీ పేరు కొట్టేసి ఉంది. కొట్టేసినవాణ్ణి మళ్ళీ కొట్టడానికి మాకు రూలు లేదు. ఇంటికి వెళ్ళు." పళ్ళు ఆస్పత్రికి పంపించేయమన్నారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. జైలు తప్పినందుకో, ఉద్యోగం పోయినందుకో నాకే తెలియదు. పోలీసుల భయం ఉన్నన్నాళ్ళూ ఈ భయం కనపడలేదు మామయ్యా. ఇప్పుడు చూస్తే దీనికి అడుగే లేదు. ఇంక నేను దేనికి పనికొస్తాను? బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. ఊళ్ళో దిగాలంటే కాళ్ళు రావడం లేదు.

ఇట్లు,
తిరుపతిరావు.

తా.క. ఆఫీసరుగారు కింది వరసలు కూడా చూశారు. "దీన్ని లంచమని రుజువు చేయడం కష్టం," అన్నారు.


నూజివీడు,
మే 29.

ఒరేయ్ తిరుపతీ,

ఈ ఉత్తరం సుభద్ర చేత రాయించలేదు. అక్షరాలు వంకర పోతే కూడబలుక్కుని చదువుకో. చదివాక చించెయ్.

ఆఫీసర్ల రెండు వేళ్ళకీ, మార్కెట్లో రెండు వేళ్ళకీ తేడా నాకు తెలియదనుకున్నావా? ఎంతమంది ఆఫీసర్లకు దణ్ణాలు పెట్టి ఈ వ్యాపారం నెట్టుకొచ్చానో నీకేం తెలుసు! నీ ఇంటర్వ్యూ కాగితం మన కొట్టు అడ్రసుకే గదా వచ్చింది. సుభద్ర ఆ సిఫారసు ముక్క చదివి చెప్పినప్పుడే నాకు దారి కనపడింది. నీ ఉద్యోగానికి అడ్డుపడనని మీ అమ్మకు మాటిచ్చాను. సాయపడనని ఇవ్వలేదు. అందుకే అంత గట్టిగా సాయపడ్డాను. నువ్వు ముందే తప్పావని తెలిస్తే అయిదు బుట్టలు మిగిలేవి.

ఎందుకు చేశావంటావా? రాయడానికి సిగ్గుగా ఉంది. పోయిన కాపు నుంచి నా కుడిచేతి వేళ్ళకు స్పర్శ ఉండటం లేదు. తువ్వాలు కింద అవతలివాడు రెండు పట్టుకున్నాడో మూడు పట్టుకున్నాడో తెలియడం లేదు. తెలిసినట్టు తలూపుతున్నాను. మొన్న చాట్రాయి తోట బేరంలో అలాగే తలూపి, ఎంతకు ఒప్పుకున్నానో వాళ్ళు చెబితే తెలుసుకున్నాను. ఎడమచెయ్యి పెడితే మార్కెట్టంతా ఆరా తీస్తుంది. డాక్టరు దగ్గరికి వెళదామంటే ఏం చెబుతాడోనని భయం. సుభద్రకు చెబితే ఏడుస్తుంది. మీ అమ్మకు చెబితే నూజివీడుకంతా చెప్పినట్టే. పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుంటుంటే, నువ్వు ఆ మెట్లెక్కినట్టే ఉంటుంది నాకు.

నీ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ నేను నమ్మలేను. నువ్వు హైదరాబాదులో ఉండిపోతే నా గతేంటని భయపడి, నీ ఉద్యోగం చెడగొట్టబోయాను. తప్పే. రమ్మని అడిగితే సరిపోయేది. అడగాలంటే ఈ చేతి సంగతి చెప్పాలి గదా.

దేనికి పనికొస్తానని రాశావు. ఆ ఆఫీసరు ఇచ్చినవి రెండు వేళ్ళేనని, చెయ్యి తగలగానే నీకు తెలిసింది. నాకు ఆ మాత్రం తెలిస్తే చాలు.

ఇట్లు,
నీ మామయ్య
బుచ్చయ్య.

తా.క. నా మీద కోపంగా ఉంటే నాలుగు రోజులాగి, చల్లబడి రా. భయంగా ఉంటే మాత్రం ఇవాళే బయలుదేరు. ఇక్కడ నేనొక్కణ్ణే భయపడుతున్నాను.