రత్నమ్మ దగ్గు

ధర్మవరం, 12-6-1963

కొండప్ప బావకు, ప్రభువు నామమున తల దించుకొని వందనాలు.

నీ చెల్లెలు రత్నమ్మ దగ్గుతుంటే, ప్రార్థన కూటంలో అందరి ముందర "నీకు విశ్వాసం చాలదు" అని గద్దించాను. "నడింట్లో కొయ్యలు కోస్తాండావు, రంపపు పొట్టు నా గొంతు నిండా ఉండాది" అని ఆమె మీ ఇంటికి వచ్చేసింది.

మొన్న ఆదివారం వాక్యం చెబుతూ నేనే దగ్గి ఆగిపోయాను. నా విశ్వాసం సంగతి ఎవరూ ఎత్తలేదు, మంచినీళ్లు ఇచ్చారు. బైబిల్లో రోగంతో పడి ఉన్న యోబును, తప్పు నీదేనని నిందించిన స్నేహితులను ప్రసంగాల్లో ఎన్నిసార్లు తిట్టానో! వాళ్లలో నేనూ ఒకణ్ణి.

మీ హిందూపురం మిల్లులో పాత ఊక ఫ్యాను, రేకు గొట్టం ఉంటే పంపు. పొట్టును గోడ అవతలికి లాగిస్తాను. అది తిరిగినాక రత్నమ్మను నేరుగా కూటానికే పిలుచుకొని రా. అక్కడ అన్న మాటను అక్కడే వెనక్కి తీసుకుంటాను. ఇంట్లో మళ్లీ దగ్గితే వెంటనే పిలుచుకొనిపో, వాక్యం ఎత్తి అడ్డురాను.