నా కణాలకు ఉన్న ప్రవేశం నాకూ ఇప్పించుట గురించి

పరిశోధన సంస్థ డైరెక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: క్యాన్సర్ కణాలలో డీఎన్ఏ మరమ్మతుపై పరిశోధించు పోస్ట్‌డాక్టరల్ ఉద్యోగమునకు ఎంపికైన నన్ను, క్యాన్సర్ వచ్చి తగ్గిన కారణమున చేర్చుకొనకపోవుట.

తమకు విన్నవించుకొను సంగతులు ఇవి:

1. గత నెల ఇంటర్వ్యూలో నేను మొదటి స్థానమున ఎంపికైతిని. దెబ్బతిన్న డీఎన్ఏను కణం తనంతట తాను ఎలా బాగుచేసుకొనును, అది చేతకాని కణం క్యాన్సర్‌గా ఎలా మారును అన్నది నా పని. పదకొండేళ్లుగా ఇదే చేయుచున్నాను. ఈ పనిలో ఆరో ఏట నాకే క్యాన్సర్ వచ్చినది. దీనిని అనుభవం కింద చూపలేదు. దరఖాస్తులో ఆ గడి లేదు.

2. చేరవలసిన రోజున, వైద్య ఫారంలో "గతంలో వచ్చిన పెద్ద జబ్బులు" అన్నచోట నిజం రాసితిని. ఆఫీసు గుమాస్తా గారు ఫారం తిప్పి ఇచ్చారు.

"ఇది కొట్టేసి 'లేవు' అని రాయండి మేడం. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను కదండీ," అన్నాను.

"అయితే ఇక నా చేతుల్లో లేదు," అంటూ 'అనర్హురాలు' అన్న ముద్ర వేశారు. ముద్ర మాత్రం ఆయన చేతుల్లోనే ఉన్నది.

3. ఏ నిబంధన ప్రకారమని అడుగగా, మూడు రోజులు తిప్పి ఒకటి చూపారు: "అభ్యర్థి బరువులు మోయగలిగి ఉండవలెను." విచారించగా అది కాపలా సిబ్బందిది. నా పనిలో నేను ఎత్తు అతి పెద్ద బరువు ఐసు డబ్బా.

4. ఐదేళ్ల క్రితం ఆపరేషన్‌లో తీసిన నా గడ్డలో ఒక ముక్కను, నా సంతకముతో, తమ ప్రయోగశాలకే ఇచ్చితిని. ఆ కణాలు నేటికీ మూడో అంతస్తులో ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో పెరుగుచున్నవి. పేరు తీసి నంబరు వేశారు గానీ, తమ పరిశోధన పత్రంలో వాటి డీఎన్ఏ లోపం చూసి నావేనని పోల్చుకున్నాను. వాటిని ఎవరూ వైద్య పరీక్ష అడుగలేదు. నాకు మాత్రం గేటు దగ్గర విజిటర్ చీటీ రాయుచున్నారు.

5. నన్ను ఎంపిక చేసిన ప్రొఫెసరు గారు ఈ ఖాళీని పదో తేదీ దాకానే ఆపగలరట. మా ఆయన "పోనీ, ఇంకేదైనా చూసుకోరాదూ?" అన్నారు. ఏం చూసుకోమంటారండీ? ఆస్పత్రిలో నాకిచ్చిన మందే పక్క మంచం ఆవిడకూ ఇచ్చారు. ఆవిడ పోయింది, నేను మిగిలాను. ఎందుకో నాకు తెలియాలి. అది తెలిసే చోటు మీ మూడో అంతస్తులో ఉంది. నన్ను లోపలికి రానివ్వండి.

(పై పేరాలో వాడుక భాష దొర్లినందుకు మన్నించగలరు.)

కావున సదరు ముద్రను రద్దుచేసి, పదో తేదీలోగా నన్ను చేర్చుకొనునట్లు ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన. కొంచెం తీరిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎంపికై, చేరని అభ్యర్థి

తా.క.: దీన్ని కవరులో పెడుతుండగా గుమాస్తా గారు మా ఇంటికే వచ్చారు. పక్కన వాళ్ల అక్కగారు, చేతిలో రిపోర్టు.

"డాక్టరు గారు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు మేడం. మీరైతే..." అన్నారు గుమాస్తా గారు.

కూర్చోబెట్టి ప్రతి మాటా విడమరిచి చెప్పాను. తొందరగానే కనిపెట్టారు, నయమయ్యే రకమే. ఆయన వరండాలోకి వెళ్లి కళ్లు తుడుచుకుంటున్నారు. అక్కగారు మాత్రం ఒక్కటే అడిగారు: "జుట్టు మళ్లీ వస్తుందా అమ్మా?"

నా జడ ముందుకేసి, లాగి చూడమన్నాను. లాగారు. గట్టిగానే లాగారు.