మడి విడిచి పరీక్షకు

చి. సౌ. విశాలికి,

స్నానం చేయకుండానే ఆటోలో శ్రీకాకుళం ల్యాబ్‌కు బయలుదేరాను. నిన్ను నిద్ర లేపలేదు. కడుపులో పురుగుల పరీక్షకు మలం డబ్బాలో పట్టిన గంటలోపే అందించాలన్నారు కదా. దేవుడి దగ్గర దీపం నీవే వెలిగించు. నైవేద్యానికి బెల్లం ముక్క చాలు. నేను వచ్చాక స్నానం చేసి సంధ్య వార్చుకుంటాను. నా కోసం ఫలహారం మానుకొని కూర్చోవద్దు.

నిన్న తెల్లవారుజామున డబ్బా నింపి పెట్టినా, తరువాత స్నానం చేసి మడి కట్టుకున్నానని దాన్ని మళ్లీ ముట్టనే లేదు. పూజ ముగిసేసరికి పది దాటింది. చివరకు నీవే దానిని సంచిలో పెట్టుకొని, ముఖమైనా చిట్లించకుండా స్కూటీ మీద తీసుకువెళ్లావు. ల్యాబ్‌లో పనిచేసే జగ్గమ్మ "ఏటమ్మా, తెల్లారగట్టది ఇప్పుడా తెస్తావు? ఇందులో ఏటి సూత్తాం?" అని కసిరిందట. "నేనే మరిచిపోయానండీ" అన్నావట. అక్కడే కూర్చున్న మన పక్కింటి భావనారాయణగారు సాయంత్రం వచ్చి చెప్పారు. నాతో మాత్రం "రేపు ఇంకోసారి ఇద్దాం మావయ్యగారూ" అని ఊరుకున్నావు.

రక్తం తగ్గి గుడి మెట్ల మీద నేను తూలిపడిన నాడు, అది ఏకాదశి ఉపవాసాల నీరసం కాదని కనిపెట్టినదీ నీవే. శౌచం గురించి యాభై ఏళ్లు పదిమందికి పాఠం చెప్పినవాణ్ణి. నిన్న నీ దగ్గర నేర్చుకున్నాను తల్లీ.

ఆశీస్సులతో,
మీ మావయ్య

తా.క. నిన్నటి ఆలస్యం మా కోడలిది కాదు, నాదేనని జగ్గమ్మతో ముందు చెప్పి, ఆ తరువాతే డబ్బా ఇస్తాను.