కొత్త ఫోన్ గొంతు

ఒరేయ్ చుక్కల మాస్టారూ,

ఇన్నేళ్ల తర్వాత బ్రెయిలీ పలక బయటికి తీసి నీకు ఉత్తరం గుచ్చుతుంటే వేళ్లు నొప్పెడుతున్నాయి. ఫోన్ చేయొచ్చుగా అంటావు. మా ఆవిడ పక్క గదిలోనే కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంటుంది. ఈ చుక్కలైతే ఆమెకు తెలియవు. అంధుల స్కూలు హాస్టల్లో నా ఏడుపులన్నీ విన్నవాడివి, ఇదీ విను.

నా పాత ఐఫోన్ నీకు తెలుసుగా. జేబులో చెయ్యిపెట్టి కిందనున్న గుండ్రటి బటన్ తడిమితే చాలు, ధైర్యంగా ఉండేది. తెర మీద ఉన్నదంతా చదివే దాని గొంతుకు నా చెవి ఎంతగా అలవాటుపడిందంటే, పక్కవాళ్లకు గరగరలా వినిపించే వేగంలో పెట్టుకుని వినేవాణ్ణి. పోయిన నెల మా ఆవిడ దాన్ని మార్చేసి తనలాంటి ఆండ్రాయిడ్ తెచ్చింది. "అది ముసలిదైపోయింది. ఇద్దరిదీ ఒకే రకమైతే నేను నేర్పగలను" అంది. వద్దు మొర్రో అన్నా వినలేదు. ఎప్పుడూ అంత పట్టుబట్టే మనిషి కాదు.

ఇప్పుడు నా వేళ్లకు మతిపోయింది. అక్కడ మూడు వేళ్లతో జరిపితే పేజీ కదిలేది, ఇక్కడ రెండు. పాత అలవాటున జరిపితే ఇంకేదో తెరుచుకుంటుంది. గొంతూ వేరే. ఎవరో పరాయి మనిషి నా జేబులో కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. నేర్పుతానని ఆవిడ పక్కన కూర్చుంటే చెయ్యి విదిలించుకున్నాను. నా దగ్గర ఫిజియోథెరపీ చేయించుకునే ఒకాయన, నన్ను నమ్మి తన ఇంటి గొడవలు రాసి పంపితే, ఆ మెసేజ్‌ని క్లినిక్ రిసెప్షన్ అమ్మాయి చేత చదివించుకోవాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంట్లో సరే, ఆవిడే చదువుతుంది. ఏమొచ్చాయని అడిగితే, "ఏముంటాయి, కరెంటు బిల్లు" అంటుంది.

నిన్న నోరు జారాను. "నేను నీ మీద ఆధారపడితే నీకు హాయిగా ఉందా?" అన్నాను. మిషన్ ఆగిపోయింది. తర్వాత మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

ఒక సాయం చెయ్యి. మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా నా పాతదానిలాంటి ఫోన్ ఉంటే కొని క్లినిక్‌కి పంపు. ఆవిడకు చెప్పను. ఈమధ్య ఆవిడకు ఏదీ చెప్పాలనిపించడం లేదు.

నీ
పక్కమంచం వాడు

~

మాస్టారూ,

ఫోన్ దొరికిందని రాశావు. పంపకు. ఎందుకో చెబుతాను.

నువ్వు పంపేదాకా ఆగలేక, ఉక్రోషంతో క్లినిక్‌లో భోజనాల వేళ తలుపేసుకుని ఈ కొత్తదాంతోనే కుస్తీ పట్టాను. ఒకరోజు వేళ్లు మాట విన్నాయి. వచ్చి పడి ఉన్న మెసేజ్‌లన్నీ వరసగా వింటూ పోయాను. వాటిలో నేను ఇంటి నుంచి బయల్దేరాక వచ్చిన ఆస్పత్రి వాళ్లది ఒకటి ఉంది. మా ఆవిడ రొమ్ములో గడ్డకు చేసిన పరీక్ష ఫలితం వచ్చిందట, వెంటనే ఆపరేషన్ గురించి మాట్లాడాలట, ఆమె ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి భర్తగా నాకు తెలియజేస్తున్నారట. గడ్డ సంగతే నాకు తెలియదురా. ఆ గొంతు ఎక్కడా తడబడకుండా చదివేసింది. మళ్లీ మళ్లీ విన్నాను.

ఇంటికెళ్లి మిషన్ ఆపమన్నాను. మెసేజ్ వినిపించాను.

"నువ్వే తీసి విన్నావా?" అంది. ఆ మాటలో సంతోషం ఉందిరా. నాకు ఒళ్లు మండిపోయింది.

"ముందు దీని సంగతి చెప్పు" అన్నాను.

"గడ్డ చేతికి తగిలిన వారమే నీ ఫోన్ మార్చాను. ఆ పాతది ఇవాళో రేపో ఆగిపోయేలా ఉంది. నేను మంచాన పడ్డాక ఆగిపోతే నీ పక్కన కూర్చుని ఎవరు నేర్పుతారు? నువ్వు క్లినిక్‌కి వెళ్లగానే కళ్లకు గుడ్డ కట్టుకుని, నా ఫోన్లోనూ ఆ చదివే గొంతు పెట్టుకుని నేర్చుకున్నాను, నీకు చూపిద్దామని. నువ్వు చెయ్యి ఇవ్వలేదు."

"అందుకని ఆస్పత్రికి వెళ్లకుండా కూర్చుంటావా?"

"నీకు ఫోన్ వాడటం వచ్చేస్తే వెళ్దామనుకున్నా."

"జబ్బు అంతదాకా ఆగుతుందా?"

"ఆగదని తెలుసు" అంది.

మర్నాడే తీసుకెళ్లాను. ఆపరేషన్ అయింది. కొన్ని రోజులకు, ఆమె కాస్త తేరుకుని మాట్లాడగలిగిన మొదటి సాయంత్రం, "పొద్దుటి నుంచి మోగుతూనే ఉంది, ఏమొచ్చాయో చూడు" అని తన ఫోన్ నా చేతిలో పెట్టింది. చెవి దగ్గర పెట్టుకుని వింటూ ఒక్కొక్కటే పైకి చెప్పాను. కర్టెన్లు ఎప్పుడిస్తావని ఒకావిడ. వాళ్ల అన్నయ్య, దారిలో ఉన్నానని. ఆ తర్వాత ఆస్పత్రి నుంచి. జబ్బు చంకలో గ్రంథుల్లోకీ పాకిందట. ఒంట్లోకి మందు ఎక్కించడం త్వరలో మొదలుపెట్టాలట.

నేను ఆగిపోయాను. ఆ చివరిది మింగేసి, ఇంకేం లేవని ఫోన్ పక్కన పెట్టేయొచ్చు. ఆమెకు కళ్లు తెరిచి చూసే ఓపిక లేదు. అలా దాచిపెట్టి ఆమె ఇన్నాళ్లు ఎంత మోసిందో అప్పుడు నా గొంతుకు తెలిసింది.

ఉన్నదంతా చెప్పాను.

"నెమ్మదిగా, ఇంకోసారి చదువు" అంది.

చదివాను. ఈసారి నా చెయ్యి పట్టుకుని విన్నది.

నీ
పక్కమంచం వాడు